ఆవిరై అంటుకునే రంగు

రెండు గుడ్డముక్కలు తీసుకోండి. ఒకటి ఆటగాళ్లు వేసుకునే డ్రైఫిట్ బనియన్ గుడ్డ, అంటే పూర్తి పాలియెస్టర్. రెండోది తెల్లని కాటన్. ఒకే సబ్లిమేషన్ కాగితం మీద ఒకే బొమ్మను రెండుసార్లు ప్రింట్ చేసి, ఒకటి పాలియెస్టర్ మీద, ఇంకొకటి కాటన్ మీద బోర్లించండి. హీట్ ప్రెస్‌లో పెట్టి 195 డిగ్రీల సెల్సియస్ వేడిలో నిమిషంపాటు నొక్కండి. కాగితం తీయగానే రెండింటి మీదా బొమ్మ కనిపిస్తుంది. కాటన్ మీద కాస్త వెలిసినట్టు ఉంటుంది, అంతే. ఇప్పుడు రెండింటినీ సబ్బునీళ్లలో నానబెట్టి గట్టిగా ఉతకండి. కాటన్ మీది బొమ్మ చాలావరకు సబ్బునురగతోపాటే పోతుంది. పాలియెస్టర్ మీది బొమ్మ చెక్కుచెదరదు.

మగ్గుల మీద ఫొటోలు, క్రికెట్ జట్ల జెర్సీలు, పుట్టినరోజు దిండ్లు, రేకుల మీద నేమ్‌ప్లేట్లు: ఇవన్నీ ఈ పద్ధతిలో తయారయ్యేవే. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు ముందుగా యంత్రాల గురించి అడుగుతారు. ఏ ప్రింటర్ మంచిది, ఏ ప్రెస్ కొనాలి, ఎంత పెట్టుబడి అవుతుంది? నన్నడిగితే ముందు తేల్చుకోవలసింది ఆ రెండు గుడ్డముక్కల సంగతి. ఒకటి రంగును ఎందుకు పట్టుకుంది, రెండోది ఎందుకు వదిలేసింది అన్నది బోధపడితే, ఈ పనిలో చెప్పే నియమాలు ఒక్కటీ బట్టీ పట్టనక్కర్లేదు. కాగితం కదలకూడదని, నల్ల టీషర్టు మీద రాదని, మామూలు కప్పు పనికిరాదని, ఇస్త్రీ జాగ్రత్తగా చేయాలని ఎందుకంటారో మనమే రాబట్టుకోవచ్చు. ఈ అధ్యాయం ఆ దారిలోనే నడుస్తుంది.

మూత సరిగా పెట్టని డబ్బాలో కర్పూరం బిళ్లలు రోజురోజుకీ చిక్కిపోవడం అందరం చూసిందే. అవి కరిగి కారవు. గట్టిగా ఉన్నవి ఉన్నట్టుగానే ఆవిరై గాలిలో కలిసిపోతాయి. బీరువాలో బట్టల మధ్య వేసే కలరా ఉండలూ అంతే. పాఠ్యపుస్తకాలు దీన్ని ఉత్పతనం అంటాయి, ఇంగ్లీషులో సబ్లిమేషన్. పొడిమంచు, అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్, మైనస్ 78.5 డిగ్రీల దగ్గర ఈ పనే చేస్తుంది. మన చుట్టూ ఉన్న వాతావరణ పీడనంలో అది ద్రవంగా ఉండనే ఉండలేదు. దాన్ని ద్రవంగా చూడాలంటే ఈ పీడనానికి ఐదు రెట్లు దాటాలి.

ఘనపదార్థం ఇలా ఎగిరిపోవాలంటే దాని అణువులు ఒకదాన్నొకటి మరీ గట్టిగా పట్టుకుని ఉండకూడదు. విద్యుదావేశం ఉన్నవైతే ధన, రుణ ఆకర్షణలు వాటిని కదలనివ్వవు. ఉప్పు డబ్బా మూత తెరిచి ఉంచితే ఉప్పు చెమ్మ పీల్చుకుంటుంది గాని ఎగిరిపోదు. సబ్లిమేషన్ ఇంకులోని రంగులు కర్పూరం జాతివి: చిన్న అణువులు, ఆవేశం లేనివి. వీటిని డిస్పర్స్ రంగులు అంటారు. ఎరుపు ఛాయకు విరివిగా వాడే డిస్పర్స్ రెడ్ 60 అణుభారం సుమారు 331. దీని పక్కన, కాటన్ బట్టలకు నలుపు అద్దే రియాక్టివ్ బ్లాక్ 5ను పెట్టి చూడండి. దాని అణుభారం 990 దాటుతుంది. పైగా నీటిలో కరగడం కోసం దానికి ఆవేశం ఉన్న సల్ఫోనేట్ సమూహాలు తగిలించి ఉంటాయి. దాన్ని వేడిచేస్తే ఆవిరయ్యే లోపలే విచ్ఛిన్నమైపోతుంది. కాగితం మీది నుంచి గుడ్డలోకి ఎగరగల రంగు, ఎగరలేని రంగు అన్న తేడా అణువు నిర్మాణంలోనే ఉంది.

ఈ రంగులు ప్రింటింగ్ కోసం పుట్టినవి కావు. 1920లలో అసిటేట్ అనే కృత్రిమ పట్టు బజారులోకి వచ్చినప్పుడు దానికి రంగు వేయడం పెద్ద చిక్కయింది. నీటిలో కరిగే మామూలు రంగులు ఆ పీచుకు పట్టలేదు. నీటిలో దాదాపుగా కరగని రంగులను మెత్తగా నూరి, నీటిలో తేలేలా చేసి, ఆ పీచును అందులో ఉడికిస్తే రంగు లోపలికి చేరుతుందని బ్రిటన్‌లోని రసాయన శాస్త్రజ్ఞులు కనిపెట్టారు. డిస్పర్స్ రంగుల కథ అక్కడ మొదలైంది. 1941లో మాంచెస్టర్‌కు చెందిన కాలికో ప్రింటర్స్ అసోసియేషన్‌లో జాన్ రెక్స్ విన్‌ఫీల్డ్, జేమ్స్ టెనెంట్ డిక్సన్ పాలియెస్టర్ పీచును తయారుచేశారు. దానికి రంగు వేయడం అసిటేట్ కన్నా కష్టం. మరిగే నీరు చాలదు. పీడనం కింద నీటిని 130 డిగ్రీలదాకా వేడిచేస్తే తప్ప రంగు సరిగా లోపలికి వెళ్లదు. 1949లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ ఇంకో దారి చూపింది. గుడ్డకు డిస్పర్స్ రంగు పూసి ఆరబెట్టి, 200 డిగ్రీల ప్రాంతంలో పొడివేడి తగిలిస్తే నీళ్లలో ఉడికించకుండానే రంగు పట్టింది.

ఇక ఒక్క మెట్టే మిగిలింది. ఫ్రాన్స్ ఉత్తరాన రూబే అని ఒక ఊరు ఉంది, ఉన్ని మిల్లులకు పేరుపడ్డ ఊరు. అక్కడ పనిచేసిన నోయెల్ ద ప్లాస్ 1957లో ఈ రంగుల ఎగిరే గుణాన్ని అచ్చువేయడానికి వాడుకోవచ్చని గుర్తించాడు. రంగును ముందు కాగితం మీద అచ్చువేసి, ఆ కాగితాన్ని గుడ్డకు ఆనించి వేడిచేస్తే బొమ్మ బొమ్మగానే గుడ్డలోకి వెళ్తుంది. రంగు ఆవిరవడం అంతకుముందు అద్దకం మిల్లులకు ఒక బెడద. వేడి గదుల గోడలకు రంగు పట్టేది, ఒక గుడ్డ మీది రంగు పక్కగుడ్డకు అంటేది. ఆ బెడదనే ఆయన పద్ధతిగా మలిచాడు. తర్వాత సబ్లిస్టాటిక్ అన్న పేరుతో అది వ్యాపారంలోకి వచ్చింది. 1970లలో పూలపూల పాలియెస్టర్ చొక్కాలు ప్రపంచమంతా విరగబడి అమ్ముడైన కాలంలో వాటి వెనక ఈ కాగితం అచ్చు కూడా ఉంది. అప్పట్లో కాగితాన్ని పెద్ద పెద్ద సిలిండర్లతో అచ్చువేయాలి గనుక వేల మీటర్లు ఒకే డిజైన్ ఉంటేగాని గిట్టుబాటయ్యేది కాదు. ఇంక్‌జెట్ ప్రింటర్ వచ్చాకే ఒక్క మగ్గు కోసం ఒక్క బొమ్మ వేయడం సాధ్యపడింది.

ప్రెస్ మూసిన ఆ నిమిషంలో ఏం జరుగుతుందో చూద్దాం. నాకు ఈ విషయమంతటిలో మనసుకు నచ్చే భాగం ఇది.

పాలియెస్టర్ పీచు అంటే పొడవాటి అణుగొలుసుల కట్ట. కొన్నిచోట్ల గొలుసులు వరసగా, దగ్గరదగ్గరగా పేర్చి ఉంటాయి. అవి స్ఫటిక భాగాలు, వాటిలోకి ఏదీ దూరలేదు. వాటి మధ్య గజిబిజిగా అల్లుకున్న భాగాలుంటాయి. మామూలు గది వేడిలో ఈ గజిబిజి భాగం కూడా గాజులా బిగుసుకుని ఉంటుంది. 70, 80 డిగ్రీలు దాటుతుంటే గొలుసులు కదలడం మొదలవుతుంది. సాగదీసిన పీచులో దానికి ఇంకొంచెం ఎక్కువ వేడి కావాలి. 190, 200 డిగ్రీల దగ్గర ఆ కదలిక బాగా జోరందుకుంటుంది, గొలుసుల మధ్య క్షణక్షణం సందులు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి. పీచు కరగడానికి మాత్రం 250 డిగ్రీలు దాటాలి కాబట్టి గుడ్డకేమీ కాదు. సరిగ్గా ఆ 190, 200 డిగ్రీల వేడిలోనే కాగితం మీది రంగు ఆవిరై, కాగితానికీ గుడ్డకూ మధ్య ఉన్న సన్నటి గాలిపొరను దాటి, పీచును తాకి, ఆ సందుల్లోంచి లోపలికి ఇంకుతుంది. ప్రెస్ ఎత్తగానే గుడ్డ చల్లబడుతుంది, గొలుసులు బిగుసుకుంటాయి, రంగు అణువులు లోపలే ఉండిపోతాయి.

పల్లీపట్టి చేసేటప్పుడు జరిగేది కూడా ఇదే. పాకం వేడిగా ఉన్నప్పుడు పల్లీలు ఎటు పోస్తే అటు కలుస్తాయి. ఆరాక ఒక్క పల్లీని కూడా పట్టి విరవకుండా బయటికి తీయలేం. పోలిక కోసం మాత్రమే చెబుతున్నది కాదిది. గట్టిపడ్డ పాకం భౌతికశాస్త్రం లెక్కలో గాజు స్థితిలో ఉన్న పదార్థమే, పాలియెస్టర్‌లోని గజిబిజి భాగం కూడా గాజు స్థితిలో ఉన్నదే.

రంగుకూ పీచుకూ మధ్య బలమైన రసాయన బంధం ఏర్పడదని గమనించండి. పాలియెస్టర్ నీటిని ఇష్టపడదు, డిస్పర్స్ రంగు కూడా నీటిని ఇష్టపడదు, కాబట్టి ఆ ఘనపదార్థంలో ఈ ఘనపదార్థం కరిగినట్టుగా కలిసి ఉంటుంది. సబ్బునీరు దాన్ని చేరలేదు. రంగు పీచు లోపల ఉంది గనుక వేలితో తడిమితే ఏ పొరా తగలదు, మడిస్తే పగలదు, గోకితే ఊడదు. స్టిక్కర్‌లా పైన అతికే ప్రింట్లకూ దీనికీ ఉన్న అసలు తేడా అదే.

కాటన్ సంగతి వేరు. పత్తి పీచు సెల్యులోజ్. దానికి నీరంటే మహా ఇష్టం. మామూలు గాలిలోనే తన బరువులో ఎనిమిది శాతం దాకా తేమను పట్టి ఉంచుకుంటుంది. పాలియెస్టర్ పట్టేది అర శాతం లోపే. 200 డిగ్రీల దగ్గర కూడా సెల్యులోజ్ గొలుసులు అలా సడలి దారివ్వవు. డిస్పర్స్ రంగు కాటన్ పైన పొడిలా కూర్చుంటుంది, ఉతికితే పోతుంది. కాటన్‌కు రంగు నిలవాలంటే ఏదో ఒక బంధం కావాలి. పెడనలో, మచిలీపట్నంలో కలంకారీ అద్దేవాళ్లు గుడ్డను ముందు కరక్కాయ నీళ్లలో ముంచి, పటికతో అచ్చువేసి, ఆ తర్వాతే ఎరుపు రంగులో ఉడికిస్తారు. పటికలోని అల్యూమినియం ఒక చేత్తో పీచును, ఇంకో చేత్తో రంగును పట్టుకుంటుంది. ఒకప్పుడు ఈ తీరమంతా చిరివేరు నుంచి తీసే ఎరుపుకు పేరుపడటం వెనక ఉన్నది ఆ రసాయనమే. హీట్ ప్రెస్ ఆ పని చేయలేదు. కలంకారీ తీరు పాలియెస్టర్ మీద చెల్లదు, సబ్లిమేషన్ తీరు కాటన్ మీద చెల్లదు.

సరకు కొనేటప్పుడు ఈ తేడా డబ్బుల రూపంలో ఎదురవుతుంది. అమ్మేవాళ్లు పాలియెస్టర్ అని చెప్పిన గుడ్డ నిజంగా అదేనా? అంచు నుంచి నాలుగు పోగులు లాగి, పట్టుకారుతో పట్టుకుని, ఇనుప పళ్లెం మీద అగ్గిపుల్లతో అంటించి చూడండి. కాటన్ కాగితం కాలిన వాసనతో మండి మెత్తని బూడిద అవుతుంది. పాలియెస్టర్ ముడుచుకుని, కరిగి, ఆరాక గట్టి పూసలా మిగులుతుంది. ఆ కరిగిన బొట్టు చేతిమీద పడితే బాగా కాలుతుంది, జాగ్రత్త. రెండూ కలిపి నేసిన గుడ్డ కూడా బజారులో బోలెడు దొరుకుతుంది. 65 పాళ్లు పాలియెస్టర్, 35 పాళ్లు కాటన్ ఉన్న గుడ్డ మీద వేస్తే పాలియెస్టర్ పోగులు మాత్రమే రంగు నిలుపుకుంటాయి. మొదటి ఉతుకు తర్వాత బొమ్మ పాతబడినట్టు లేతగా మారుతుంది. కొందరు ఆ రూపాన్ని కోరి చేయించుకుంటారు. ఆ సంగతి ముందే చెప్పి చేస్తే తప్పులేదు.

కప్పులు, రేకులు, పలకల విషయంలో గుడ్డ ఉండదు గనుక పాలియెస్టర్ తరహా పూత ఉండాలి. సబ్లిమేషన్ మగ్గులని అమ్మేవి పైన కంటికి కనిపించని ఆ పూత ఉన్నవే. ఇంట్లో ఉన్న మామూలు పింగాణీ కప్పు మీద వేస్తే రంగుకు దూరడానికి చోటు లేదు.

తెలుపు గురించి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఈ రంగులు పారదర్శకం. వెలుతురు రంగులోంచి లోపలికి వెళ్లి, కింది తెల్లని గుడ్డ మీద పడి తిరిగి వస్తేనే కంటికి రంగు కనిపిస్తుంది. తెల్ల ఇంకు అన్నది ఈ పద్ధతిలో లేదు. బొమ్మలో తెలుపు ఉన్నచోట గుడ్డ తెలుపే తెలుపు. పసుపు టీషర్టు మీద నీలం వేస్తే ఆకుపచ్చ వస్తుంది, నల్లదాని మీద ఏమీ కనిపించదు. ముదురు గుడ్డల మీద బొమ్మ కావాలని వచ్చేవాళ్లను, కాటనే కావాలని వచ్చేవాళ్లను స్క్రీన్ ప్రింటింగ్‌కో, ఫిల్మ్ మీద అచ్చువేసి గుడ్డకు అతికించే డీటీఎఫ్‌కో పంపడం మేలు. కాటన్ మీద చల్లి సబ్లిమేషన్ చేసుకోమని కొన్ని ద్రవాలు అమ్ముతారు. అవి గుడ్డ పైన పూత వేస్తాయి, ఆ పూత ఉన్నన్నాళ్లే బొమ్మ ఉంటుంది. డబ్బు తీసుకుని చేసే పనిలో వాటిని వాడమని నేను చెప్పను.

ఇప్పుడు ప్రింటర్. ఇంక్‌జెట్ ప్రింటర్లు రెండు రకాలు. ఒక రకంలో సన్నని రంధ్రం వెనక ఉన్న బుల్లి హీటర్ సెకనులో వెయ్యో వంతు కన్నా తక్కువ కాలంలో 300 డిగ్రీల దాకా వేడెక్కి, ఇంకులో బుడగ పుట్టించి, ఆ బుడగ తోపుతో చుక్కను బయటికి నెడుతుంది. హెచ్‌పీ, కానన్ ఇంక్‌జెట్లలో ఎక్కువ ఈ రకమే. రెండో రకంలో వేడి లేదు. విద్యుత్తు తగలగానే ఆకారం మార్చుకునే పీజో స్ఫటికం ఇంకును నొక్కుతుంది. 1880లో ఫ్రాన్స్‌లో పియరీ, జాక్ క్యూరీ సోదరులు కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని చూపించారు. ప్రింటర్‌లో జరిగేది దాని తిరగమరగ. ఎప్సన్ ప్రింటర్లు ఈ రకం. వేడి తగిలితే ఎగరడమే పనిగా పెట్టుకున్న రంగును వేడి పుట్టించే హెడ్‌లో పోయడం తెలివైన పని కాదని మనమే చెప్పుకోవచ్చు. సబ్లిమేషన్‌కు పీజో హెడ్ ఉన్న ప్రింటరే కావాలి.

దీనికోసమే తయారైన చిన్న ప్రింటర్లు ఇప్పుడు ఉన్నాయి. ఎప్సన్ ఎఫ్170 లాంటివి ఎ4 కాగితానికి సరిపోతాయి. చాలామంది ట్యాంకుల్లో ఇంకు పోసుకునే మామూలు ఎప్సన్ ప్రింటర్ కొత్తది కొని, అందులో మొదటిరోజే సబ్లిమేషన్ ఇంకు నింపి మొదలుపెడతారు. ఖర్చు తగ్గే మాట నిజమే, ప్రింటర్ వారంటీ వదులుకోవలసి వస్తుందన్నదీ నిజమే. ఇదివరకు మామూలు ఇంకు వాడిన ప్రింటర్‌ను ఇలా మార్చకండి. గొట్టాల్లో మిగిలిన ఇంకు కొత్తదానితో కలిసి రంగులను చాన్నాళ్లు పాడుచేస్తుంది. ఒకసారి మార్చాక దాన్ని కాగితాల పనికి తిరిగి వాడదామనే ఆలోచన కూడా వద్దు.

ఇంకులో రంగు కరిగి ఉండదని, మైక్రాన్ కన్నా చిన్న రేణువులుగా నీటిలో తేలుతూ ఉంటుందని మరిచిపోవద్దు. ఏ రేణువులైనా కదలకుండా ఉంచితే అడుగుకు దిగుతాయి. నీరు ఆరిపోతే రంధ్రాల్లో గట్టిపడతాయి. హెడ్ జామ్ అయిందని మెకానిక్‌ను పిలిచే సందర్భాల్లో ఎక్కువ భాగం ప్రింటర్‌ను వాడకుండా వదిలేసినవే. ఆర్డర్లు లేకపోయినా రెండుమూడు రోజులకోసారి నాలుగు రంగులూ ఉన్న ఒక చిన్న బొమ్మ వేయాలి, రంధ్రాలన్నీ పనిచేస్తున్నాయో లేదో చూపే నాజిల్ చెక్ తీయాలి. ఎండాకాలంలో ఫ్యాన్ గాలి నేరుగా ప్రింటర్ మీదికి కొట్టేచోట పెట్టకూడదు.

కాగితానికి ఉన్న బాధ్యత విచిత్రమైనది. ఇంకును పట్టుకోవాలి, మళ్లీ పూర్తిగా వదిలేయాలి. మామూలు జెరాక్స్ కాగితం ఇంకును లోపలికి తాగేస్తుంది, సగం రంగు అక్కడే ఉండిపోతుంది. సబ్లిమేషన్ కాగితం మీద ఉన్న పూత నీటిని లోపలికి పోనిచ్చి రంగు రేణువులను పైనే నిలుపుతుంది. కాగితాన్ని బోర్లిస్తాం గనుక బొమ్మను అద్దంలో చూసినట్టు తిప్పి వేయాలి. అక్షరాలున్న ప్రతి పనిలో మిర్రర్ పెట్టామా లేదా అని రెండోసారి చూసుకోవడం అలవాటు చేసుకోండి. కాగితం మీద రంగులు వెలవెలబోయి ఉంటే కంగారుపడకండి. రేణువులుగా ఉన్న రంగు మబ్బుగా కనిపిస్తుంది. పీచులోకి వెళ్లి అణువు అణువుగా విడిపోయాకే అసలు కాంతి వస్తుంది. తెర మీది రంగు, కాగితం మీది రంగు, గుడ్డ మీది రంగు మూడూ వేరు. వాటిని దగ్గరికి తేవడానికి ఇంకు అమ్మినవాళ్లు ఇచ్చే కలర్ ప్రొఫైల్‌ను కంప్యూటర్‌లో పెట్టుకోవాలి.

హీట్ ప్రెస్ కొనేముందు కరెంటు లెక్క చూసుకోండి. పదిహేను అంగుళాల చదరపు పలక ఉన్న ప్రెస్ 1800 వాట్ల ప్రాంతంలో తీసుకుంటుంది. 230 వోల్టుల దగ్గర అది దాదాపు 8 ఆంపియర్లు. ఫోన్ ఛార్జర్లు పెట్టే 6 ఆంపియర్ల సాకెట్‌కో, ఎక్స్‌టెన్షన్ బోర్డుకో తగిలిస్తే వైరు కాలిపోతుంది. గీజర్‌కు వేసినట్టు విడిగా పవర్ పాయింట్ వేయించాలి. గదిలో ఎగ్జాస్ట్ ఫ్యాన్ కూడా ఉండాలి. నొక్కినప్పుడు వచ్చే పొగలో ఇంకులోని ద్రావకాల ఆవిరి, కొంత రంగు ఆవిరి ఉంటాయి. డిస్పర్స్ బ్లూ 106, 124 లాంటి కొన్ని డిస్పర్స్ రంగులు చర్మానికి పడక దద్దుర్లు తెప్పిస్తాయని వైద్యులకు బాగా తెలుసు. పిల్లల బట్టల మీద పని చేయాలనుకుంటే హానికర రసాయనాల పరీక్షలో నెగ్గిందని చెప్పే ఒకో-టెక్స్ ధ్రువీకరణ ఉన్న ఇంకు అడిగి తీసుకోండి.

వేడి, కాలం, ఒత్తిడి: ఈ మూడింటి సరైన కలయికను ఎవరూ చేతిలో పెట్టరు. గుడ్డకు 190 నుంచి 200 డిగ్రీలు, 45 నుంచి 60 సెకన్లు మొదలుపెట్టడానికి మంచి అంకెలు. పూత ఉన్న అల్యూమినియం రేకుకూ దాదాపు అంతే. మగ్గుకు మూడు నిమిషాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పట్టవచ్చు. పింగాణీ మందంగా ఉంటుంది, నెమ్మదిగా వేడెక్కుతుంది. అది వేడెక్కితేగాని దాని మీది పూత తెరుచుకోదు. ప్రెస్ తెరమీద 195 అని కనిపించినంత మాత్రాన పలక అంతటా 195 ఉందనుకోకూడదు. చవక ప్రెస్సుల్లో మూలలకూ మధ్యకూ పది, పదిహేను డిగ్రీల తేడా ఉండటం మామూలే. తుపాకీలా గురిపెట్టే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో మెరిసే లోహాన్ని కొలిస్తే తప్పు అంకె చూపుతుంది, నిగనిగలాడే లోహం తన వేడిని సరిగా ప్రసరించదు గనుక. వేడికి రంగు మారే పట్టీలను నాలుగు మూలలా పెట్టి చూస్తే నిజం తెలుస్తుంది. దానికన్నా తేలికైన మార్గం, ఒకే ముదురు నీలం రంగును కాగితం నిండా వేసి పెద్ద గుడ్డ మీద నొక్కడం. వేడి చాలనిచోట నీలం వెలిసి కనిపిస్తుంది.

వేడి తక్కువైతే పీచు తెరుచుకోదు, బొమ్మ పలచగా వస్తుంది. ఎక్కువైనా, ఎక్కువసేపు ఉంచినా రంగు పక్కలకు పాకి అంచులు మసకబారతాయి, తెల్లగుడ్డ పసుపుబారుతుంది. కొత్తవాళ్లు చేయదగ్గ మంచి పని ఒకటుంది. ఒకే చిన్న బొమ్మను పది కాపీలు వేసుకుని, వేడి మార్చకుండా కాలాన్ని మాత్రం 30 నుంచి 75 సెకన్లదాకా ఐదేసి సెకన్లు పెంచుతూ నొక్కాలి. ప్రతి ముక్క వెనకా అంకె రాసిపెట్టుకోవాలి. అన్నింటినీ ఉతికి, ఆరేసి, పగటి వెలుతురులో పక్కపక్కన పెట్టి చూడాలి. ఆ పది ముక్కలు నేర్పేది ఏ అమ్మకందారుడి పట్టికా నేర్పదు, ఎందుకంటే అవి మీ ప్రెస్, మీ ఇంకు, మీ గుడ్డ గురించి చెబుతాయి.

ఇక తేమ. పాలియెస్టర్ తేమ పీల్చదని ఇందాక చెప్పుకున్నాం, కాని కాగితం పీలుస్తుంది. కాగితమంటే సెల్యులోజే కదా. కాకినాడ, విశాఖపట్నం లాంటి తీరప్రాంతాల్లో, వానాకాలంలో ఇది మరీ ఎక్కువ. ఆ నీరు ఆవిరవడానికి బోలెడు వేడిని తినేస్తుంది, పైగా పుట్టిన ఆవిరి రంగును చెదరగొడుతుంది. కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో మూసిపెట్టాలి, ప్రింట్ చేశాక బాగా ఆరనివ్వాలి, గుడ్డను బొమ్మ పెట్టే ముందు ఐదు, పది సెకన్లు ఖాళీగా నొక్కాలి. గుడ్డ మీది నలకలను అంటించి తీసే రోలర్‌తో తప్పకుండా తుడవాలి. కంటికి ఆనని ఒక నీలం పోగు గుడ్డ మీద ఉండిపోతే, ఆ పోగులోని డిస్పర్స్ రంగు కూడా ఆవిరై తెల్లగుడ్డలో నీలిచుక్కగా దిగిపోతుంది. ఎన్ని ఉతుకులు ఉతికినా ఆ చుక్క పోదు.

బొమ్మకు నీడలా రెండో బొమ్మ పడటం ఇంకో సమస్య. ప్రెస్ ఎత్తగానే పలక గాలికి కాగితం అర మిల్లీమీటరు జరిగినా చాలు, కాగితంలో మిగిలిన రంగు ఇంకా వేడిగా తెరుచుకుని ఉన్న గుడ్డలో మరోచోట దిగుతుంది. వేడికి తట్టుకునే టేపుతో కాగితాన్ని బిగించడం అందుకే. ప్రెస్ ఎత్తాక కాగితాన్ని ఈడ్చకుండా ఒక్క ఊపులో పైకి లాగేయాలి. కాగితం అంచు గుడ్డ మీద గీతలా అచ్చుపడటానికీ కారణం గుడ్డ వేడికి మెత్తబడటమే. కాగితం అంచులను కత్తెరతో కాకుండా చేత్తో చింపితే, ఒత్తిడి కాస్త తగ్గిస్తే ఆ గీత రాదు. పైనా కిందా బటర్ పేపర్ వేసి, ప్రతిసారీ కొత్తది మార్చాలి. గుడ్డను దాటి వచ్చిన రంగు దాని మీద ఉంటుంది. దాన్నే మళ్లీ వాడితే తర్వాతి గిరాకీ టీషర్టు మీద ముందటి గిరాకీ బొమ్మ మరకలా పడుతుంది.

సూరత్‌లోని పాలియెస్టర్ చీరల మిల్లుల్లో ఇదే పని మీటర్ల కొద్దీ జరుగుతుంది. వెడల్పాటి ప్రింటర్లు కాగితపు చుట్టల మీద పూలు, అంచులు వేస్తూ పోతాయి. ఆ కాగితమూ గుడ్డా కలిసి, వేడిచేసిన పెద్ద డ్రమ్ము చుట్టూ తిరిగి రెండోవైపు విడిపోతాయి. సిరిసిల్ల మరమగ్గాల మీద పెద్ద ఎత్తున నేసేదీ పాలియెస్టరే. ఆ గుడ్డ ఈ అచ్చుకు స్వభావరీత్యా సరిపోతుంది. అద్దకం మిల్లులు రంగునీళ్లను కాలువల్లోకి వదిలే తీరు తెలిసినవాళ్లకు దీనిలోని మేలు వెంటనే తడుతుంది. అచ్చువేశాక ఉతకవలసిన పని లేదు, రంగునీరు బయటికి పోదు. వాడిన కాగితం మాత్రం గుట్టలుగా మిగులుతుంది.

వేడి తెరిచిన సందులను వేడే మళ్లీ తెరవగలదు. సబ్లిమేషన్ బట్టలను బాగా కాలిన ఇస్త్రీ పెట్టెతో రుద్దకూడదు, లోపలివైపు తిప్పి తక్కువ వేడిలో చేయాలి. ప్రెస్‌లోంచి తీసిన టీషర్టులను వేడి ఆరకముందే ఒకదానిమీదొకటి పేర్చకూడదు. ఎండ సంగతి కూడా గిరాకీకి ముందే చెప్పాలి. అతినీలలోహిత కిరణాలు ఈ రంగు అణువులను విరగ్గొడతాయి గనుక, ఏళ్ల తరబడి ఎండలో ఉండే బోర్డులకు ఇది తగిన పద్ధతి కాదు. ఎర్రని పాలియెస్టర్ జెర్సీ మీద స్క్రీన్‌తో తెల్ల అంకె వేసేవాళ్లకు ఇంకో ఇబ్బంది ఎదురవుతుంది. ఆ పనిలో వాడే ప్లాస్టిసోల్ ఇంకును ఆరబెట్టడానికి 160 డిగ్రీల ప్రాంతంలో వేడి పెడితే గుడ్డలోని ఎర్రని డిస్పర్స్ రంగు బయలుదేరి తెల్ల అంకెలోకి ఎక్కుతుంది, ఒకటి రెండు రోజుల్లో అంకె గులాబీ రంగుకు తిరుగుతుంది. అందుకని వాళ్లు 130 డిగ్రీల లోపే ఆరే ఇంకులు వాడతారు, లేదా తెలుపు కింద కార్బన్ కలిపిన బూడిదరంగు పొర ఒకటి వేస్తారు. పైకి వచ్చే రంగును ఆ కార్బన్ పట్టేసుకుంటుంది.